డాబా మీద సుక్కోత్ పందిరి: పై గదిలో ఉన్నాయన కోసం ఏమేం చూసుకోవాలి?

వర్ధా ఒడ్డు (బల్లార్‌పూర్)

అందరికీ నమస్కారం. మా పై గదిలో ఠాణే నుంచి వచ్చిన ఒకాయన కిరాయికి ఉంటున్నారు. బేనే ఇజ్రాయెల్ వాళ్ళు, అంటే కొంకణ్ తీరపు మరాఠీ యూదులు. 2026 సెప్టెంబరు 25 సాయంత్రం నుంచి వాళ్ళకు సుక్కోత్ పండగట. మిల్లులో షట్‌డౌన్ పని ఉన్నందుకు ఊరెళ్ళే వీలు లేదు. డాబా మీద చిన్న పందిరి వేసుకుని ఏడు రోజులు అందులోనే భోంచేస్తానని అడిగారు, సరే అన్నాం. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా పొయ్యి వెలిగించనని, స్విచ్ ముట్టనని కూడా చెప్పారు. మనిషి మొహమాటస్తుడు, ఏదడిగినా "చాలు, చాలు" అంటారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పందిరి ఎలా ఉండాలి? మేం ఎంతవరకు చేయొచ్చు? తిండికి ఏం చూడాలి? మా డాబాకు రెండు వైపులా మూడున్నర అడుగుల పిట్టగోడ, ఒక వైపు మెట్ల గది గోడ ఉన్నాయి. వానలు ఇంకా పోవు. పైగా అదే శుక్రవారం గణపతి నిమజ్జనం.

పందిరిగుంజ (సిర్పూర్ కాగజ్‌నగర్)

అక్కా, ముందు కప్పు గురించి చెప్తా, అందరూ తప్పు చేసేది అక్కడే. తెలుగు బైబిలులో పర్ణశాలల పండుగ అని ఉంటుంది చూడండి, లేవీయకాండం 23వ అధ్యాయంలో, అదే ఇది. పందిరిని హీబ్రూలో సుక్కా అంటారు, బహువచనం సుక్కోత్. మన దిక్కు చుక్కను సుక్క అంటాం కదా. మాటకూ మాటకూ చుట్టరికం లేదు గానీ, రాత్రిపూట కప్పు సందుల్లోంచి సుక్కలు కనబడేట్టు వేయాలన్నది వాళ్ళ ఆచారం. పందిళ్ళు వేసేవాళ్ళను పిలిచి వదిలేస్తే ఆకు మీద ఆకు పేర్చి బొట్టు కారకుండా కప్పేస్తారు. మన కల్లాం పందిరికి అది మంచి పని. సుక్కాకు అదే దోషం. పెద్ద వాన వచ్చినా లోపలికి దిగనంత మందం ఉండకూడదు. అట్లాగని పలచగా ఉన్నా పనికిరాదు. మధ్యాహ్నం కింద నిలబడి నేల చూస్తే ఎండ కన్నా నీడ ఎక్కువ ఉండాలి. ఏ సందూ జానెడు వెడల్పు దాటకుండా చూసుకోండి.

కప్పుకు వాడేది నేలలో పెరిగి, కోసినదై ఉండాలి. వెదురు బొంగులు, తాటాకు, ఈతాకు, కొబ్బరి మట్టలు అన్నీ సరే. బీరపాదునో మల్లెతీగనో పందిరి మీదికి పాకించి ఇదే కప్పు అంటే చెల్లదు, వేరు నేలలో ఉంది కాబట్టి. తినేవస్తువు, పనిముట్టుగా తయారైన వస్తువు కూడా కూడవు. అంటే చాప, బుట్ట, చేట వద్దు. చంద్రపూర్ దిక్కు వెదురుకు కరువు లేదు. మేదరోళ్ళ దగ్గర అల్లిన తడిక దొరుకుతుంది గానీ అది పరుపు కింద వేసుకునే రకమా, నీడకు అల్లినదా అన్నది చూడాలి, నైలాన్ దారంతో కుట్టి ఉంటే ఇంకో చిక్కు. తడిక జోలికి పోకుండా విడి బొంగులు, విడి ఆకు తెచ్చుకోండి. వేపకొమ్మలు వద్దు, మూడో రోజుకే ఎండి అన్నంలో రాలతాయి. మోదుగాకు ఎండి ముడుచుకుపోయి సందులు పెరుగుతాయి. తాటాకైనా వారంలో కొంచెం కుంచించుకుంటుంది, అందుకే మొదటి రోజు లెక్కకు పావు వంతు ఎక్కువే పరచండి.

మీ డాబా మూలే సరైన చోటు. గోడ మీటరు ఎత్తుంటే వాళ్ళ లెక్కల్లో దేనికైనా సరిపోతుంది, అది కప్పుదాకా పోనక్కరలేదు. మీ పిట్టగోడ మూడున్నర అడుగులు, అంటే మీటరు దాటింది. రెండు పిట్టగోడలు, మెట్ల గది గోడ కలిసి మూడు వైపులా వచ్చేశాయి. కప్పు అంచు ఆ గోడల తిన్నగా రావాలి, వాటికి ఎడంగా జరగొద్దు. నాలుగో వైపు చాటుకు చీర కడదామంటే కట్టండి, అది గోడ లెక్కలోకి రాదు. గాలికి ఊగే బట్టను గోడగా ఒప్పుకోరు. ఎక్కడైనా బట్టే గోడ కావలసివస్తే దాని వెనక నేల నుంచి జానెడుకో తాడు చొప్పున మీటరు ఎత్తుదాకా అడ్డంగా బిగించి కడతారు.

కొలత: ఒక మనిషి తిని పడుకోవడానికి ఎనిమిదడుగులు, ఆరడుగులు చాలు. ఎత్తు ఏడడుగులు. నాలుగు గుంజలు, పొడుగు వైపున రెండు వాసాలు, వాటి మీద అడుగుకో బొంగు అడ్డంగా, దాని మీద ఆకు. తొమ్మిది బొంగులు పడతాయి, గుంజలకూ వాసాలకూ కలిపి పదిహేను కొనుక్కోండి. గుంజలు డాబాలో పాతలేం కాబట్టి నూనె డబ్బాల్లో ఇసుకా కంకరా పోసి నిలబెట్టి, పిట్టగోడకు కట్టండి. ఇనప పైపులు గుంజలుగా వాడొచ్చు. ఆకు మాత్రం ఇనుము మీద నేరుగా ఆనకుండా మధ్యన కర్రో వెదురో ఉండాలంటారు. కప్పును ఇనపతీగతో, నైలాన్‌తో కట్టకండి. బరువుకు అదే నిలబడేట్టు పేర్చి, అవసరమైన చోట తాటినారతో ముడి వేయండి.

పైన ఏమీ ఉండకూడదు. వాటర్ ట్యాంకు అరుగు, చెట్టు కొమ్మ, మెట్ల గది చజ్జా, ఏది అడ్డొచ్చినా ఆ కింది భాగం లెక్కలోకి రాదు. పక్కింటి మామిడికొమ్మ మీ డాబా మీదికి వంగి ఉందేమో చూసుకోండి.

ఎవరు వేయొచ్చు అంటారా? ఎవరు వేసినా చెల్లుతుంది, నీడ కోసం వేసినదైతే చాలు. కానీ గోడలు ముందు, కప్పు తర్వాత, ఆ వరస తప్పొద్దు. గుంజలు, వాసాలు, బొంగులు మీవాళ్ళు కట్టి, ఆకు పరిచే పని ఆయనకు వదలండి.

శనివారం దీపం (నాందేడ్)

పందిరి గురించి పైన చెప్పింది సరిగ్గా ఉంది. నేను గడియారం సంగతి చెప్తాను.

ఆయన ఫోనులో ముంబయి పంచాంగం ఉంటే బల్లార్‌పూర్‌లో పనికిరాదు. ఠాణేకూ మీకూ రేఖాంశంలో ఆరు డిగ్రీలకు పైగా తేడా, డిగ్రీకి 4 నిమిషాలు. మీకు సూర్యాస్తమయం దాదాపు 25 నిమిషాలు ముందే అవుతుంది. సెప్టెంబరు 25న మీ ఊళ్ళో 6 గంటల 5 నిమిషాల ప్రాంతం. పండగ దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు, అంటే 5:45కే అన్నీ ముగిసి ఉండాలి. ఠాణే లెక్కన 6:10కి వెలిగిద్దామనుకుంటే అప్పటికే పొద్దు గుంకి ఉంటుంది. ఆయన ఎంత జాగ్రత్త గల మనిషైనా కొత్త ఊళ్ళో ఇది తప్పే చోటు, మీరే ఒక మాట చెప్పండి. నిమజ్జనం రోజు గనక మిల్లు నుంచి ఇంటికి వచ్చే దారి మధ్యాహ్నం మూడు తర్వాత నమ్ముకోవద్దు. ఆ పూట సగం సెలవు పెట్టించుకోవడం మేలు.

ఈసారి షబ్బాత్ (వాళ్ళ శనివారపు విశ్రాంతి దినం), పండగ మొదటి రోజు ఒకటే అయ్యాయి. ఇజ్రాయెల్ బయట మొదటి రెండు రోజులూ పూర్తి పండగే, అందుకే శనివారం, ఆదివారం రెండూ పనిలేని రోజులు. శనివారానికి నియమం కఠినం: నిప్పు వెలిగించడం, ఆర్పడం, వండడం, రాయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, ఇలా 39 రకాల పనులు నిషేధం. కొంకణ్‌లో వీళ్ళ పెద్దలు గానుగ వృత్తిలో ఉండేవాళ్ళు. శనివారం గానుగ కట్టరు కాబట్టి ఊళ్ళో శనివార్ తేలీ అని పేరు పడింది. ఆదివారం పండగ మాత్రమే కనుక, అప్పటికే మండుతున్న మంట నుంచి మంట అంటించుకుని వంట చేసుకోవచ్చు. కొత్తగా అగ్గిపుల్ల గీయకూడదు, మంట ఆర్పకూడదు. ఆదివారానికి కావలసినవి కూడా శనివారం రాత్రి చుక్కలు పొడిచాకే మొదలుపెట్టాలి, మీ దగ్గర 6:45 దాటాక అనుకోండి. కచ్చితమైన నిమిషం ఆయనే చెబుతారు.

దీనికి శుక్రవారం వెలిగించి యాభై గంటలు నిలిచే నూనె దీపం ఒకటి కావాలి. ముందు రోజు గాజు గ్లాసులో ఒత్తి వేసి గంటసేపు వెలిగించి, ఎంత నూనె తగ్గిందో కొలిచి యాభైతో హెచ్చించండి. ఒత్తి లావైతే నూనె రెట్టింపు తాగుతుంది. అది గదిలో, గచ్చు నేల మీద, పళ్ళెంలో నీళ్ళు పోసి దాంట్లో పెట్టాలి. ఎండిన తాటాకు కింద తెరిచిన దీపం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. గ్యాసు పొయ్యిని సిమ్‌లో పెట్టి ఇరవై అయిదు గంటలు వదిలే అలవాటు కొందరికుంది, తలుపులేసిన చిన్న వంటగదిలో దాన్ని ఒప్పుకోవద్దు. పొయ్యి వెలిగించడం కన్నా ఆపడం దగ్గరే చిక్కు వస్తుంది. అందుకని ఆదివారం కూడా చల్లారినవి తినేట్టు ఏర్పాటు చేసుకుంటే హాయి.

కరెంటు: పందిట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు శుక్రవారం 5:30కి వేస్తే ఆదివారం రాత్రిదాకా అలాగే. వానలో తడిసే సీరియల్ లైట్లు కట్టకండి, షార్ట్ అయినా ఆయన తీగ పీకలేరు. ఫ్రిజ్ తలుపు తీయగానే వెలిగే బల్బును ముందే విప్పేయండి.

మీరు చేసే సాయం గురించి. "అమ్మా, కొంచెం లైటు వేస్తారా" అని ఆయన అడగకూడదు. తనకు కూడని పని ఇంకొకరి చేత చేయించుకోవడమూ కూడదు. ఆయన కోసమని మీరు వేసినా ఆ వెలుతురు వాడుకోలేక ఇబ్బంది పడతారు. మీ అవసరానికి మీరు మెట్ల లైటు వేసుకుంటే మాత్రం ఆయన ఆ వెలుతురులో నడవొచ్చు. చీకట్లో కూర్చున్నారని జాలిపడి గబగబా వెళ్ళి స్విచ్ వేయడమే ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే పొరపాటు. ప్రాణం మీదికి వస్తే ఇవేవీ వర్తించవు. నిప్పంటుకున్నా, ఒంట్లో బాగాలేకపోయినా ఆయనే ఫోను తీయొచ్చు, తీయాలి కూడా. అదీ ఆ ధర్మంలోని నియమమే.

వర్ధా ఒడ్డు

చాలా వివరంగా చెప్పారు ఇద్దరూ, ధన్యవాదాలు. మామిడికొమ్మ నిజంగానే ఉంది, పక్కవాళ్ళను అడిగి కొట్టిస్తాం. వాన వస్తే మీద తాడ్‌పత్రి కప్పొచ్చా? అట్లాగే మేం పూర్తి శాకాహారులం కాము, మా గిన్నెల్లో వండి పెట్టొచ్చా?

పందిరిగుంజ

తాడ్‌పత్రి పైనున్నంతసేపు అది సుక్కా కాదు, అందులో తింటే లెక్కకు రాదు. ఆకు నానకుండా ఉండాలంటే శుక్రవారం మధ్యాహ్నం వరకు కప్పి ఉంచి అప్పుడు తీసేయండి. ఆ తర్వాత ఆదివారం రాత్రిదాకా దాని జోలికి పోవద్దు, శనివారం దాన్ని పరచడం, చుట్టడం రెండూ పనుల్లోకే వస్తాయి. భోజనం మధ్యలో చారులో నీళ్ళు కలిసేంత వాన పడితే లేచి గదిలోకి పోవచ్చు, తప్పు లేదు. మొదటి రాత్రి మాత్రం కాసేపు ఆగి చూసి, కనీసం ఒక ముక్క రొట్టె పందిట్లో తిని వస్తారు. పందిట్లో కుర్చీ, మడత మంచం ప్లాస్టిక్‌వి పెట్టండి, నులక మంచం తడిస్తే ఆరదు.

ఇప్పపువ్వు (సిరొంచ)

వంట విషయం నేను చెప్తాను వదినా. మాంసం సంగతి మరిచిపోండి. వాళ్ళ పద్ధతిలో కోసిన మాంసమే తింటారు, అది బల్లార్‌పూర్ బజారులో దొరికేది కాదు. మీ గిన్నెల్లో వాళ్ళ పద్ధతిలో కోయని మాంసం వండి ఉంటారు కనుక వాటిల్లో ఏది వండినా, ఉత్త కూరగాయలైనా సరే, ఆయనకు కూడదు. కొత్త స్టీలు గిన్నెలు రెండు, ఒక గరిటె, ఒక కత్తి, ఒక పీట కొనండి, మొత్తం గొడవ తీరిపోతుంది. కత్తి ఎందుకంటే ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, నిమ్మ లాంటి ఘాటైనవి పాత కత్తితో కోస్తే కత్తికి పట్టిన మాంసపు రుచి వాటిలోకి దిగుతుందని వాళ్ళ లెక్క. గిన్నె మార్చి కత్తి మార్చకపోతే లాభం లేదు. తినడానికి మోదుగ విస్తళ్ళు పెట్టండి, పళ్ళేల సంగతే ఉండదు.

వండేటప్పుడు పొయ్యి ఆయన చేత వెలిగించండి, గిన్నె కూడా ఆయన్నే పొయ్యి మీద పెట్టమనండి. వేరేవాళ్ళు పూర్తిగా వండినది కొందరు తినరు. నిప్పు దగ్గర వాళ్ళ చెయ్యి పడితే ఆ అభ్యంతరం పోతుంది. తరుగుడు, కలుపుడు, పోపు ఏమిటన్నది మీరు చూసుకోండి.

ఆకుకూరల్లో పురుగు ఉండకూడదు. కాలీఫ్లవరు వానాకాలంలో పెట్టనే వద్దు, పువ్వు సందుల్లోంచి ఎంత ఉప్పునీళ్ళలో వేసినా పూర్తిగా పోవు. పాలకూర, గోంగూర ఆకు ఆకూ తిప్పి చూసి ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచి కడగాలి. దొండ, బెండ, ఆలుగడ్డ, గుమ్మడి అయితే ఈ పనే లేదు. గుడ్డు ఒక్కొక్కటి విడిగా గ్లాసులో కొట్టి చూడాలి, నెత్తుటి చుక్క ఉంటే పారేయాలి. చేప పెట్టాలనుకుంటే రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్నదే: బొచ్చె, రవ్వ, కొర్రమీను సరే. జెల్ల, వాలుగ, రొయ్య, పీత కూడవు. ముక్కలు కొట్టించి తేవద్దు, అదే కత్తితో వాలుగ కోసి ఉంటారు. పొలుసుతో పూర్తి చేప తెచ్చి కొత్త కత్తితో ఇంట్లో కోయండి. చేపను పెరుగుతో కలిపి తినని వాళ్ళూ ఉంటారు, ఆ పూట మజ్జిగ వడ్డించే ముందు అడగండి.

రొట్టెలు లెక్కపెట్టి చేయాలి. ప్రతి భోజనానికీ విరగని రొట్టెలు రెండు, బట్ట కప్పి ముందు పెట్టుకుంటారు. శుక్రవారం రాత్రి, శనివారం రెండు పూటలు, శనివారం రాత్రి, ఆదివారం పగలు: అయిదు భోజనాలు, అంటే పది రొట్టెలు తక్కువ కాకుండా. పుల్కాలు పొద్దున్నకే అప్పడాలవుతాయి. పిండిలో నూనె వేసి, కొంచెం మందంగా వత్తి, చల్లారాక బట్టలో చుట్టి డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే చెమటపట్టి ఆదివారానికి బూజు వస్తుంది.

శనివారం రెండో పూట తప్పించి మిగతా నాలుగు భోజనాల ముందు ద్రాక్షరసం మీద ప్రార్థన ఉంటుంది, గిన్నెడు అంటే 86 మిల్లీలీటర్లు. బేనే ఇజ్రాయెల్ ఇళ్ళల్లో కిస్మిస్ షర్బత్ చేసుకుంటారు. పావుకిలో నల్ల కిస్మిస్ ముప్పావు లీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున పది నిమిషాలు మరగనిచ్చి, చేత్తో పిసికి బట్టలో వడకడితే అర లీటరు దిగుతుంది. ఆదివారం రాత్రి ముగింపు ప్రార్థనతో కలిపి అయిదు గిన్నెలు, సరిపోతుంది. ఇది ఆయన చేత్తోనే చేసుకోనివ్వండి, ద్రాక్ష విషయంలో పట్టింపు ఎక్కువ. బయట పెడితే రెండో రోజుకే పొంగుతుంది, ఫ్రిజ్‌లో ఉంచాలి.

శనివారానికి పులిహోర మంచిది. చింతపండు, నూనె కొంచెం ఎక్కువ వేస్తే మధ్యాహ్నందాకా చెడదు. కొబ్బరి వేసినవి, దద్దోజనం ఈ ఉక్కలో నిలవవు. టీ తాగే మనిషైతే డికాక్షన్ శుక్రవారమే దించి చల్లార్చి పెట్టండి, వేడినీళ్ళు మంచి ఫ్లాస్కులో వేరే. శనివారం వేడినీళ్ళలో టీపొడి వేస్తే అది వండినట్టే. నీళ్ళు గ్లాసులో పోసుకుని డికాక్షన్ కలుపుకోవడం సరే. రొట్టె తినే ముందు చేతులు కడుక్కోవడానికి అంచు పగలని చెంబు, నిండా నీళ్ళతో బకెట్టు పందిరి పక్కన ఉంచితే మెట్లు దిగే పని ఉండదు.

తిథివారం (పర్లాకిమిడి)

తేదీల మీద ఒక మాట. సుక్కోత్ ఎప్పుడూ పున్నమినాడే మొదలవుతుంది. 2025లో అది అక్టోబరు 6 సాయంత్రం, సరిగ్గా మహారాష్ట్ర వాళ్ళ కోజాగిరి, అంటే ఆశ్వయుజ పున్నమి. ఈసారి నెల ముందుకు, భాద్రపద పున్నమికి వచ్చింది. కారణం, మనకు 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది, వాళ్ళ అధికమాసం 2027 ఫిబ్రవరి-మార్చిలో వస్తుంది. వాళ్ళకూ 19 ఏళ్ళలో 7 అధికమాసాలే, వేసే చోటు ఒక్కోసారి వేరు. 2027లో మళ్ళీ కలుస్తాయి, అక్టోబరు 15.

పర్లాకిమిడి, బరంపురం దిక్కు ఎవరైనా ఇది చదివి వాడుకునేటట్టయితే, పైన చెప్పిన 6:05 మీకు వర్తించదు. బల్లార్‌పూర్ కన్నా మనకు ఇంకో 20 నిమిషాల దాకా ముందే పొద్దు గుంకుతుంది.

యూదులంటే మరాఠీ వాళ్ళు, కొచ్చిన్ వాళ్ళు మాత్రమే కారు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ వాళ్ళున్నారు, 1991 నుంచి అక్కడ ప్రార్థనా మందిరం ఉంది. మీ కిరాయిదారు "మశీదు" అంటే తికమకపడకండి, బేనే ఇజ్రాయెల్ వాళ్ళు తమ సినగాగ్‌ను అలా అనడం పాత అలవాటు. ముంబయిలో మస్జిద్ స్టేషనుకు ఆ పేరు 1796లో కట్టిన వాళ్ళ మందిరం వల్లే వచ్చిందని చెబుతారు.

శనివారం దీపం

ఒకటి మరిచాను. ఆయనకు కొరియర్‌లో ఒక పొడుగు పెట్టె రావొచ్చు: విప్పని ఖర్జూరపు మట్ట, మూడు మర్టిల్ కొమ్మలు, రెండు విల్లో కొమ్మలు, ఒక ఎత్రోగ్ పండు. ఎత్రోగ్ అంటే మాదీఫలం జాతి, దబ్బకాయ కాదు. దాని కొనన ముచ్చిక ఉంటే అది విరగకూడదు, కనుక పిల్లల చేతికివ్వద్దు. బజారులో మాదీఫలం దొరికిందని కొనివ్వకండి, అంటుకట్టిన చెట్టుదైతే పనికిరాదు. విల్లో ఆకు మూడు రోజుల్లో నల్లబడుతుంది, తడి బట్టలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో చోటివ్వండి. షబ్బాత్ నాడు వీటిని చేతపట్టరు, ఈ ఏడు ఆదివారం నుంచే.

మందిరంలో జరిగే సామూహిక ప్రార్థనకు పదిమంది పెద్ద మగవాళ్ళు కావాలి. మీ ఊళ్ళో అది కుదరదు, ఆయన ఒంటరిగానే చదువుకుంటారు, తోరా (వాళ్ళ ధర్మగ్రంథం) పఠనం లాంటి కొన్ని భాగాలు వదిలేస్తారు. సుక్కోత్‌లో మిగిలేది పందిరి, భోజనం, అతిథి. రోజుకొక పూర్వీకుడిని, అబ్రాహాము మొదలు దావీదు దాకా ఏడుగురిని, అతిథిగా పిలుచుకుంటారు. ఎదుట నిజమైన మనిషి కూర్చుని తింటే ఆ పిలుపుకు అర్థం. పిలిస్తే మొహమాటపడకుండా మీ ఇంటిల్లిపాదీ వెళ్ళి కూర్చోండి. తీసుకెళ్ళే పండ్లు శుక్రవారమే ఇచ్చేయండి. శనివారం, ఆదివారం పందిట్లో ఫోను తీసి ఫొటోలు దిగొద్దు, వద్దని ఆయన నోరు తెరిచి చెప్పలేరు. సోమవారం తర్వాత ఎన్ని కావాలంటే అన్ని.

వర్ధా ఒడ్డు

ఇది నాకు తట్టనే లేదు, ఆదివారం సాయంత్రం పిల్లలతో వెళ్తాం. పందిరి అక్టోబరు 2కి తీసేయొచ్చు కదా, ఏడు రోజులు అయిపోతాయి? డాబా మీద వడియాలు పెట్టాలి.

పందిరిగుంజ

వద్దక్కా. అక్టోబరు 2 శుక్రవారం ఏడో రోజు. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ ఆదివారం రాత్రిదాకా రెండు పండగ రోజులు, శెమీని అత్సేరెత్, సింహత్ తోరా. అప్పుడూ ఇదే పద్ధతి: నిప్పు ముట్టరు, పందిరి విప్పరు. ఎనిమిదో రోజు కూడా పందిట్లోనే తినేవాళ్ళున్నారు. అక్టోబరు 5 సోమవారం విప్పండి. అప్పటిదాకా పొయ్యిలోకని ఒక్క ఆకు లాగినా తప్పే, కప్పు మొత్తం ఆ పండగ సొత్తు. విప్పాక బొంగులు మీ ఇష్టం, వడియాల చీర కట్టుకోవడానికి పనికొస్తాయి. ఆకును మాత్రం మురిక్కాలవలో, చెత్తకుప్పలో వేయకుండా ఒక పక్కన పేర్చి ఎండనివ్వండి.